బ్రష్ కట్టర్ పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలి? నాన్న మూత లెక్క, షాపు లెక్క, ట్యాంకు మీది లెక్క

ప్రశ్న ఇది. చండూరు దగ్గర ఒక ఊళ్లో ఆరెకరాల బత్తాయి తోట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు, చెట్ల మధ్య గడ్డి కోయడానికి నిరుడు జూన్‌లో నాన్నకు ఒక బ్రష్ కట్టర్ కొనిచ్చాడు. పత్తికి మందు కొట్టే పాత పవర్ స్ప్రేయర్ ఇంట్లో ముందునుంచీ ఉంది. నాన్న ఒకప్పుడు లూనా నడిపిన మనిషి, లీటరుకు రెండు మూతల ఆయిల్ అని పోస్తాడు. కట్టర్ అమ్మిన షాపులో 50కి 1 (50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) అన్నారు. స్ప్రేయర్ ట్యాంకు మూత మీద 25:1 అని అచ్చు పోసి ఉంది. దసరా తర్వాత కట్టర్‌ను కొట్టంలో మూలకు పెట్టారు. ఈ ఏడు తొలి వానలు పడ్డాక తీసి, క్యాన్‌లో మిగిలిన పాత పెట్రోలే పోసి నడిపితే పది నిమిషాలకు ఆగిపోయింది. ఇప్పుడు తాడు లాగితే కదలడం లేదు. మూడు లెక్కల్లో ఏది సరైనది, ఇంజన్ ఎందుకు పట్టేసింది, ఈ20 (20 శాతం ఎథనాల్ అనే ఆల్కహాల్ కలిపిన) పెట్రోలు వల్లనేనా, రెండు మిషన్లకూ ఒకే క్యాన్ సరిపోదా అని అడిగారు.

తమ్ముడూ, నేను నల్గొండలో ఇరవై ఏళ్లకు పైగా ఈ చిన్న ఇంజన్లే బాగుచేస్తున్నాను. తైవాన్ పంపులు (మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు), చెట్లు కోసే చైన్ సా మిషన్లు, గుంతలు తీసే ఆగర్లు, గడ్డి మిషన్లు అన్నీ నా బల్ల మీదికి వస్తాయి. ఒక విషయం ముందే చెప్తాను. మీరు చెప్పిన మూడు లెక్కల్లో ఏది వాడినా బాగున్న ఇంజన్ పది నిమిషాల్లో పట్టేయదు. ఆయిల్ కొంచెం ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. కొంచెం తక్కువైతే లోపల అరుగుదల పెరిగి ఆ నష్టం ఒకటి రెండు సీజన్లకు బయటపడుతుంది. పది నిమిషాల్లో పట్టేసిందంటే ఆ పది నిమిషాలూ పిస్టన్‌కు ఆయిల్ అందలేదు, లేదా తట్టుకోలేనంత వేడెక్కింది. అందుకని ఎంత కలపాలి అన్నది కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ క్యాన్ సంగతి చూద్దాం.

క్యాన్‌లో ఇంకా పెట్రోలు మిగిలి ఉంటే పారబోయకండి. కట్టర్ ట్యాంకులో ఉన్నది కూడా ఉంచండి. ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా, కొంచెం పెట్రోలును ఒక తెల్లటి గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తోందేమో, పైదానికీ కిందిదానికీ మధ్య గీత గీసినట్టు ఉందేమో చూడండి. ఇక రెండో పరీక్ష. ఒక తెల్ల కాగితం మీద ఆ పెట్రోలు చుక్క ఒకటి వేసి నీడలో ఆరనివ్వండి. ఉత్త పెట్రోలైతే కాసేపట్లో ఎగిరిపోయి మరక దాదాపు మిగలదు. ఆయిల్ కలిపిందైతే నూనె బజ్జీ పెట్టిన కాగితంలా జిడ్డు మచ్చ నిలిచిపోతుంది. పక్కనే బంకు నుంచి తెచ్చిన తాజా పెట్రోలు చుక్క ఒకటి వేసుకుంటే తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. మా దగ్గరికి వచ్చే ప్రతి పట్టేసిన ఇంజన్‌కూ నేను మొదట చేసే పని ఈ కాగితం పరీక్షే.

ఎందుకింత పట్టింపు అంటే, ఈ టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిల్ ఉండడానికి వేరే చోటు లేదు. మీ బైకుకు కింద ఆయిల్ నిలిచే గది ఉంటుంది, పెట్రోలు దారి వేరు, ఆయిల్ దారి వేరు. ఇక్కడ పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి ముందు క్రాంక్ తిరిగే గదిలోకే వెళ్తుంది. దానితోపాటు వచ్చిన సన్నటి ఆయిల్ తుంపరే క్రాంక్ బేరింగులకూ, కనెక్టింగ్ రాడ్‌కూ, పిస్టన్‌కూ, రింగులకూ అంటుకుంటుంది. ఆ తర్వాత పైకి వెళ్లి పెట్రోలుతోపాటే కాలిపోతుంది. పని చేసినంతసేపూ కొత్త ఆయిల్ వస్తూ ఉండాలి, నిన్న పోసింది ఈరోజుకు పనికిరాదు. గడ్డి కోసేటప్పుడు ఇంజన్ నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరుగుతోందనుకోండి, పిస్టన్ ఎనిమిది వేల సార్లు పైకి వెళ్లి కిందికి వస్తోందన్నమాట. పెట్రోల్లో ఆయిల్ లేకపోతే అల్యూమినియం పిస్టన్ వేడికి ఉబ్బి, సిలిండర్ గోడకు ఒరుసుకుని, కరిగి అంటుకుపోతుంది. పట్టేయడం అంటే అదే.

మీ నాన్నగారి కొలత తప్పని నేను అనను. లూనా, టీవీఎస్ 50, పాత చేతక్ ఉన్న రోజుల్లో అందరం అలాగే పోసేవాళ్లం. బంకులో పెట్రోలు కొట్టించుకుని, పక్కనున్న ఆయిల్ పంపు పిడి రెండు సార్లు ఒత్తించుకుని, బండిని అటూ ఇటూ ఊపేవాళ్లం. నేను పని నేర్చుకున్నది ఆ బండ్ల మీదే. కానీ లూనా ఊరి దారిలో నెమ్మదిగా పోయేది, ఎదురుగాలికి చల్లబడేది, మధ్యలో ఆగేది. గడ్డి మిషన్ ఒకే చోట, ఫుల్ రేస్‌లో, ఎండలో అరగంట ఆపకుండా తిరుగుతుంది. చల్లబరచడానికి లోపలున్న చిన్న ఫ్యాను తప్ప ఏమీ లేదు. ఆ బండి ఓర్చుకున్న తేడాను ఈ మిషన్ ఓర్చుకోదు.

పైగా మూత అనేది ఒక కొలత కాదు. నా షాపులో ఉన్న మూడు కంపెనీల ఆయిల్ సీసాల మూతలు సిరంజితో కొలిచి చూశాను. ఒకదాంట్లో 6 ఎంఎల్ పట్టింది, ఒకదాంట్లో 10, ఇంకొకదాంట్లో 14. అంటే లీటరుకు రెండు మూతలు అంటే 12 కావచ్చు, 28 కూడా కావచ్చు. సీసా మారిన రోజు లెక్క మారిపోతుంది, పోసేవాళ్లకు మాత్రం తాము ఎప్పటిలాగే పోశామనిపిస్తుంది. మీ ఇంట్లో ఏ సీసా మూత వాడారో ఒకసారి నీళ్లతో కొలిచి చూడండి.

లెక్క చాలా సులువు. 1000ని ఆ అంకెతో భాగిస్తే లీటరు పెట్రోలుకు ఎన్ని ఎంఎల్ ఆయిల్ కావాలో వస్తుంది. 50కి 1 అంటే లీటరుకు 20 ఎంఎల్. 40కి 1 అంటే 25. 25కి 1 అంటే 40. ఐదు లీటర్ల క్యాన్‌కైతే వరుసగా 100, 125, 200. ఈ మూడూ క్యాన్ మీద పెయింటుతో రాసుకుంటే ఎవరినీ అడగక్కర్లేదు. కొలవడానికి మెడికల్ షాపులో 20 ఎంఎల్ సిరంజి కొనండి, సూది అక్కర్లేదు. 50కి 1కి లీటరుకు ఒక సిరంజి, 25కి 1కి రెండు సిరంజీలు. చదువు రాని కూలీకి చెప్పినా తప్పు పోదు. నేను మా దగ్గర మిషన్ కొన్న ప్రతి ఒక్కరికీ ఒక సిరంజిని క్యాన్ పిడికి రబ్బరు బ్యాండుతో కట్టి ఇస్తాను.

పురుగు మందు డబ్బాతో వచ్చే కొలత గ్లాసు మాత్రం ఆయిల్‌కు వాడొద్దు. దాని మీద ఎంఎల్ గీతలు ఉంటాయని చాలామంది దాంతోనే పోస్తారు. దాని గోడలకు అంటుకున్న పొడి మందు పెట్రోల్లో కరగదు, వెళ్లి కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి లోపలికి పంపే భాగం) జాలీలో కూర్చుంటుంది. పత్తి సీజన్లో కార్బొరేటర్ విప్పితే తెల్లటి పొడి కనిపించిన పంపులు ఎన్నో చూశాను. గరాటు కూడా అంతే, పెట్రోలుకు ఒకటి, మందుకు ఒకటి.

ఇక 50 సరైనదా, 25 సరైనదా? రెండూ సరైనవే, ఏ మిషన్ లెక్క దానిది. మిషన్‌తో వచ్చిన పుస్తకంలోనో, ట్యాంకు మూత మీదో ఏది ఉంటే అదే పోయాలి. కొత్త రకం కట్టర్లు, చైన్ సాలు చాలావరకు మంచి ఆయిల్‌తో 50కి 1 అంటాయి. స్ప్రేయర్లలో, తక్కువ ధర కట్టర్లలో చాలావాటికి 25కి 1 అని ఉంటుంది. కొన్ని కంపెనీల పుస్తకాల్లో, మా సొంత ఆయిల్ అయితే 50కి 1, బయటి ఆయిల్ అయితే 25కి 1 అని రెండూ రాసి ఉంటాయి. అది ఆయిల్ అమ్ముకోవడానికి చెప్పిన మాట అని కొట్టిపారేయకండి. ఆయిల్ నాణ్యతను బట్టి ఎంత పోయాలో మారుతుంది, బయట ఏ ఆయిల్ పోస్తారో వాళ్లకు తెలియదు కాబట్టి జాగ్రత్త కోసం ఎక్కువ చెప్తారు. షాపతను 50కి 1 అన్నాడంటే మీ కట్టర్‌కు అది నిజమే అయి ఉండొచ్చు, కానీ అతని నోటి మాట మీద కాక పుస్తకం తెరిచి చూసి పోయండి. ఆ మాట పట్టుకుని స్ప్రేయర్‌కు కూడా 50కి 1 పోశారా, అది మెల్లగా పాడవుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఎందుకైనా మంచిదని రెట్టింపు ఆయిల్ పోస్తే ఇంజన్‌కు రెట్టింపు మేలు జరగదు. కార్బొరేటర్ రంధ్రం అంతే ఉంటుంది కదా, దాంట్లోంచి వెళ్లేదాంట్లో ఆయిల్ పెరిగిన కొద్దీ పెట్రోలు వాటా తగ్గుతుంది. కాలని ఆయిల్ బొగ్గులా మారి పొగ బయటికి పోయే రంధ్రాన్నీ, సైలెన్సర్ జాలీనీ మూసేస్తుంది. అప్పుడు మిషన్‌కు బలం తగ్గి, గడ్డి తగలగానే ఆగిపోతుంది. పిస్టన్ బాగానే ఉండి, సైలెన్సర్ జాలీ శుభ్రం చేస్తే చాలు కొత్తదానిలా నడిచిన మిషన్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి.

ఏ ఆయిల్ కొనాలంటే, సీసా ముందు వైపు 2టీ (టూ స్ట్రోక్ ఆయిల్) అని ఉంటే చాలదు. వెనక తిప్పి చూడండి. జాసో ఎఫ్‌సి లేదా జాసో ఎఫ్‌డి అని, లేదా ఏపీఐ టీసీ అని ఉండాలి. జాసో అంటే జపాన్ వాళ్లు పెట్టిన ప్రమాణం, ఏపీఐ అమెరికా వాళ్లది. ఎఫ్‌బి కంటే ఎఫ్‌సి తక్కువ పొగ ఇస్తుంది, ఎఫ్‌డి లోపల ఇంకా శుభ్రంగా ఉంచుతుంది. గాలితో చల్లబడే మన చిన్న ఇంజన్లకు ఎఫ్‌డి దొరికితే అదే తీసుకోండి. పడవ ఇంజన్లకు అమ్మే ఆయిల్ నీళ్లతో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, మన మిషన్‌లో ఆయిల్ ఎక్కువ వేడి తట్టుకోవాలి కాబట్టి అది వద్దు. బైకులో పోసే 4టీ ఇంజన్ ఆయిల్ అసలే వద్దు. అది కాలిపోవడానికి చేసింది కాదు, దాంట్లో కలిపిన మందులు కాలితే గట్టి బూడిద మిగిలి ప్లగ్గునూ రింగులనూ పట్టేస్తుంది. ట్రాక్టర్ నుంచి తీసిన నల్ల ఆయిల్ పోసేవాళ్లు కూడా ఉన్నారు. నాకు ఆ మిషన్లను చూస్తే బాధేస్తుంది, ఇనుప రజను కలిసిన మురికిని ఇంజన్ లోపలికి పంపినట్టే అది.

ఇప్పుడు ఈ20 సంగతి. మన దేశంలో పెట్రోల్లో పదో వంతు ఎథనాల్ కలపడం 2022 జూన్ నాటికి పూర్తయింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, 2025 కల్లా దేశమంతా దాదాపు అదే దొరికే స్థితి వచ్చింది. ఈ చిన్న ఇంజన్ల పుస్తకాల్లో చాలావాటిలో ఎథనాల్ 10 శాతం దాటొద్దని రాసి ఉంటుంది. కానీ బంకులో ఉన్నదే మనం పోయాలి కదా. అందుకని అది ఏం చేస్తుందో తెలుసుకుని జాగ్రత్త పడటమే దారి.

ఎథనాల్ చేసే పనుల్లో మొదటిది, మంటను పల్చబరచడం. దానిలోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బొరేటర్ సెట్టింగు పాతదే ఉంటే ఇంజన్‌కు కావాల్సినంత ఇంధనం అందనట్టవుతుంది, మునుపటికంటే వేడిగా నడుస్తుంది. రెండోది, పాత రబ్బరు పైపులు, బుడగలా ఉండే ప్రైమర్ బల్బు, కార్బొరేటర్ లోపలి పల్చటి పొర దానికి ఉబ్బి, తర్వాత గట్టిపడి చిట్లుతాయి. మూడోది నీళ్లు. మీ మిషన్‌కు జరిగింది ఇదే అయి ఉంటుందని నా అనుమానం, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

ఉత్త పెట్రోలుకూ నీళ్లకూ పొత్తు కుదరదు. ఎథనాల్‌కు మాత్రం నీళ్లంటే ఇష్టం, ఎక్కడ తేమ ఉన్నా లాక్కుంటుంది. 10 శాతం ఎథనాల్ ఉన్న లీటరు పెట్రోలు మామూలు వేడిలో సుమారు 5 ఎంఎల్ నీళ్లను, అంటే ఒక చెంచాడు, తనలో కనిపించకుండా కలుపుకోగలదు. 20 శాతం ఉన్నది ఇంకాస్త ఎక్కువ కలుపుకుంటుంది. ఆ హద్దు దాటిందంటే ఎథనాల్ మొత్తంగా నీళ్ల పక్షాన చేరి, రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. పైన పెట్రోలు మిగులుతుంది. మనం పోసిన ఆయిల్ ఎటు ఉంటుందంటే, పైనున్న పెట్రోలుతోనే ఉంటుంది, అడుగు పొరలోకి దాదాపు రాదు. ట్యాంకులో పైపు చివరనున్న ఫిల్టర్ ఎక్కడ ఉంటుందో చూడండి, సరిగ్గా అడుగున. ఇంజన్ పీల్చుకునేది ఆయిల్ లేని ఎథనాల్ నీళ్లు. మీ నాన్నగారు దసరా ముందు ఎంత శ్రద్ధగా కొలిచి పోసినా ఆరోజు ఆ ఆయిల్ పిస్టన్ దాకా వెళ్లదు.

గట్టిగా మూసిన క్యాన్‌లో గాలి తేమ ఒక్కటే ఇంత పని చేయడం కష్టం. కానీ రేకుల కొట్టంలో మూత వదులుగా ఉన్న క్యాన్, సగం ఖాళీగా, అక్టోబర్ వానల నుంచి జూన్ వానల దాకా ఉందంటే నీళ్లు చేరడానికి ఎన్నో దారులు. రేకు మీంచి కారిన నాలుగు చుక్కలు చాలు. గాజు సీసా పరీక్షలో అడుగు పొర కనిపిస్తే కారణం ఇదే. పొర లేకుండా కాగితం మీద జిడ్డు మచ్చ కూడా పడకపోతే అది ఆయిల్ కలపని ఉత్త పెట్రోలు, ఎవరో బైకు కోసం తెచ్చిపెట్టుకున్నది. పొర లేదు, మచ్చ ఉంది అంటే మూడో దారి చూడాలి. ఎనిమిది నెలలు కార్బొరేటర్‌లో ఎండిన పెట్రోలు బంకలా మారి సన్న రంధ్రాలను సగం మూస్తుంది. పెట్రోలు సగమే వస్తే దానితో వచ్చే ఆయిల్ కూడా సగమే, వేడి మాత్రం పెరుగుతుంది.

బంకు పెట్రోల్లో ఎథనాల్ ఎంతుందో చూడాలనుకుంటే, గీతలున్న గాజు గొట్టంలో 100 ఎంఎల్ పెట్రోలు, 10 ఎంఎల్ నీళ్లు పోసి ఊపి, నిలవనివ్వండి. అడుగు పొర 10 దగ్గర ఉండక 30 దాకా పెరిగిందంటే 20 శాతం ఎథనాల్ ఉన్నట్టు. ఇది చూసి కొందరు ఇలా నీళ్లతో ఎథనాల్‌ను తీసేసి, పైనున్న పెట్రోలు మిషన్‌కు పోస్తున్నారు. అలా చేయకండి. ఆ పెట్రోల్లో తేమ మిగులుతుంది, దాని ఆక్టేన్ (ముందే మండిపోకుండా తట్టుకునే గుణం) కూడా పడిపోతుంది, ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. తాజా పెట్రోలు తక్కువగా తెచ్చి త్వరగా వాడేయడం కంటే మంచి మందు దీనికి లేదు. మీ ఆరెకరాలకు ఐదు లీటర్లు ఒకేసారి కలిపి పెట్టాల్సిన పనే లేదు. రెండు రోజుల పనికి ఎంత కావాలో అంతే, రెండు లీటర్లు అనుకోండి, కలుపుకోండి. ఎట్టి పరిస్థితిలో నెల దాటిన కలుపు పెట్రోలు వాడొద్దు. వానాకాలంలో నేనైతే రెండు వారాలకే ఆపేస్తాను.

కలిపే పద్ధతి చెప్తాను. మిషన్ ట్యాంకులోనే పెట్రోలు పోసి దాని మీద ఆయిల్ పోయడం మన దగ్గర బాగా అలవాటు. అలా పోస్తే ఆయిల్ బరువుకు అడుగున కూర్చుని, మొదట చిక్కటి ఆయిల్ కార్బొరేటర్లోకి వెళ్లి మిషన్ స్టార్ట్ కాదు, ఆ తర్వాత పల్చటి పెట్రోలు వెళ్తుంది. ఎప్పుడూ వేరే క్యాన్‌లోనే కలపాలి. ముందు సగం పెట్రోలు, దాంట్లో మొత్తం ఆయిల్, మూత పెట్టి బాగా ఊపి, మిగతా సగం పెట్రోలు పోసి మళ్లీ ఊపాలి. ట్యాంకులో పోసే ప్రతిసారీ ముందు క్యాన్‌ను ఒకసారి ఊపాలి. క్యాన్ నేల మీద పెట్టి నింపండి, బండి మీద పెట్టి కాదు. వేడిగా ఉన్న ఇంజన్‌లో పోయకుండా పది నిమిషాలు ఆగండి, ఆలోపు మంచినీళ్లు తాగి రావచ్చు. నింపిన చోటే తాడు లాగకుండా ఓ పది అడుగులు అవతలికి వెళ్లి స్టార్ట్ చేయండి. స్ప్రేయర్ వీపు మీద ఉండే మిషన్ కాబట్టి దాని మూత దగ్గర కారుతోందంటే ఆరోజు పని ఆపేయాల్సిందే. ఎండాకాలం మన నల్గొండ వేడికి క్యాన్ లోపల ఆవిరి పేరుకుని ఉంటుంది, మూత ఒక్కసారిగా తిప్పితే మొహం మీద చిమ్ముతుంది. మెల్లగా వదులు చేసి బుస్సుమన్నాక తీయండి.

రెండు మిషన్లకు ఒకే క్యాన్ సరిపోదా అన్నారు. రెండింటి లెక్కా ఒకటే అయితే ఒక క్యాన్ చాలు. మీ ఇంట్లో ఒకటి 25, ఇంకొకటి 50 అయితే రెండు క్యాన్లు పెట్టండి, ఒకదానికి ఎర్ర గుడ్డ కట్టండి. ఉత్త పెట్రోలుకు మూడోది. దీని గురించి నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. షాపు పెట్టిన కొత్తలో నా దగ్గర రెండు క్యాన్లు ఒకే రంగువి, ఒకే సైజువి ఉండేవి. ఏది ఏదో నాకు తెలుసు కదా అనుకున్నాను. ఒకరోజు నేను భోజనానికి వెళ్లినప్పుడు పని నేర్చుకునే పిల్లవాడు సర్వీస్ చేసి పెట్టిన చైన్ సాలో ఉత్త పెట్రోలు పోసి ఇచ్చేశాడు. కట్టెలు కోసి బతికే మనిషి మిషన్ అది. మర్నాడు తిరిగి తెచ్చాడు, పిస్టన్, సిలిండర్ రెండూ పోయాయి. కొత్తవి నా డబ్బుతో వేసి ఇచ్చాను, కానీ అతనికి పోయిన నాలుగు రోజుల కూలి ఇవ్వలేకపోయాను. ఆ పిల్లవాణ్ని ఏమీ అనలేదు, క్యాన్ల మీద పేరు రాయనిది నేనే. మంచి 2టీ ఆయిల్‌లో నీలమో ఎరుపో ఆకుపచ్చో రంగు కలిపేది ఇందుకే, కలిపిన పెట్రోలు చూడగానే తెలియాలని. రంగును నమ్ముకుని పేరు రాయడం మానొద్దు, మసక వెలుగులో, రంగు డబ్బాలో అది కనిపించదు.

ఆ రంగుతో ఇంకో ప్రమాదం ఉంది. కలిపిన పెట్రోలును కూల్ డ్రింక్ సీసాల్లో, నీళ్ల బాటిళ్లలో పోసి చేను గట్టున పెడతారు. దాహంతో ఉన్న పిల్లలు, కూలీలు తీసి తాగేస్తారు. ఆ సీసాలు పెట్రోలుకు పనికిరావు, బంకులో కూడా వాటిలో పోయించుకోకండి. పెట్రోలు కోసం చేసిన గట్టి డబ్బానే వాడండి. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు, వాంతిలో పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏం తాగారో డాక్టరుకు చెప్పండి.

లెక్క సరిగ్గా ఉన్నా ఇంజన్‌ను వేడెక్కించేవి మీ తోటలో రెండు ఉంటాయి. ఒకటి మన ఎర్ర చెలక దుబ్బ. గడ్డి కోసేటప్పుడు ఆ దుబ్బ లేచి ఎయిర్ ఫిల్టర్‌కు పడుతుంది, చల్లబరిచే రెక్కల మధ్య గడ్డి పీచుతో కలిసి పేరుకుంటుంది. రోజూ పని అయ్యాక ఫిల్టర్ స్పాంజిని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి, రెక్కలను బ్రష్‌తో దులపాలి. రెండోది నైలాన్ తీగ. తీగను సరైన పొడవుకు కత్తిరించే చిన్న బ్లేడు గార్డుకు ఉంటుంది. అడ్డంగా ఉందని ఆ గార్డునే తీసేసి, తీగను బారెడు వదిలి కోస్తారు. దాంతో ఇంజన్ మీద బరువు పడి, చుట్లు తగ్గి, వేడి పెరుగుతుంది. గార్డు తీస్తే కంటికి రాయి తగులుతుందన్న భయం ఎలాగూ ఉంది.

సీజన్ అయ్యాక ఏం చేయాలో కూడా చెప్తాను, మీ మిషన్‌కు తప్పింది ఇక్కడే. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. తర్వాత స్టార్ట్ చేసి, కార్బొరేటర్లో మిగిలింది అయిపోయి దానంతట అదే ఆగేదాకా నిదానంగా నడవనివ్వాలి. చల్లారాక ప్లగ్గు తీసి, ఒక చెంచాలో సగం 2టీ ఆయిల్ లోపల వేసి, తాడు రెండు మూడు సార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించి పొడి చోట పెట్టాలి. పదిహేను నిమిషాల పని. స్ప్రేయర్‌కు కూడా పత్తి అయిపోగానే ఇదే చేయండి. క్యాన్‌లో మిగిలిన పెట్రోలును వచ్చే ఏడాదికని దాచకండి. తక్కువే మిగిలేలా ముందే చూసుకుని, ఆఖరి రోజు గడ్డి కోతకు వాడేయండి. బావి దగ్గర, బోరు దగ్గర పారబోస్తే అది నీళ్లలోకే దిగుతుంది.

ఇప్పుడు పట్టేసిన కట్టర్ దగ్గరికి వద్దాం. తాడు బలంగా గుంజొద్దు, గుంజితే తాడు పట్టుకునే స్టార్టర్ కూడా విరుగుతుంది. వారంటీ అయిపోయి ఉంటేనే విప్పడం మొదలుపెట్టండి, ముందు ప్లగ్గు తీయండి. దాని మొన తెల్లగా కాలినట్టు ఉంటే విపరీతమైన వేడి, ఇటుక గోధుమ రంగులో ఉంటే అప్పటిదాకా బాగానే నడిచింది, తడిగా నల్లగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది. తర్వాత సైలెన్సర్ బోల్టులు విప్పి పక్కన పెట్టండి. పొగ వచ్చే రంధ్రం లోంచి టార్చి వేస్తే పిస్టన్ పక్క కనిపిస్తుంది. నున్నగా మెరుస్తూ ఉంటే పిస్టన్ పోలేదు, బేరింగో క్లచ్చో పట్టేసి ఉండొచ్చు. నిలువుగా గీతలు, అల్యూమినియం రుద్దుకుపోయిన మరకలు ఉంటే అది పట్టేసిన పిస్టనే. ప్లగ్గు రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి రాత్రంతా ఉంచి, పొద్దున చేత్తో మెల్లగా తిప్పి చూడొచ్చు. కదిలిందని వెంటనే పెట్రోలు పోసి నడపకండి, ఆ గీతలతో నడిపితే సిలిండర్ కూడా పోతుంది. సిలిండర్ గోడకు అంటుకున్న అల్యూమినియాన్ని శుభ్రం చేసి, కొత్త పిస్టన్, రింగులు వేస్తే చాలాసార్లు తక్కువ ఖర్చులో బయటపడతాం. సిలిండర్ లోపలి గోడ మీది పూత లేచిపోతే సిలిండర్ మార్చాలి. ఏది చేసినా, కార్బొరేటర్ విప్పి కడగకుండా, లోపలి రబ్బరు పొరలూ పెట్రోలు పైపూ మార్చకుండా మళ్లీ బిగించొద్దు. కారణం లోపలే ఉండిపోతే కొత్త పిస్టన్ కూడా వారం తిరక్కుండా పట్టేస్తుంది.

వారంటీ ఇంకా ఉంటే షాపుకు తీసుకెళ్లే ముందు ఇవేవీ విప్పకండి. ట్యాంకులోని పెట్రోలు అలాగే ఉంచి తీసుకెళ్లండి, వాళ్లు మొదట చూసేది అదే. వారంటీ అయిపోయి ఉంటే గాజు సీసాలో పొర వచ్చిందో లేదో, కాగితం మీద మచ్చ పడిందో లేదో, పిస్టన్ మీద గీతలు పొగ రంధ్రం వైపు మాత్రమే ఉన్నాయో చుట్టూ ఉన్నాయో, ఈ మూడూ చూసి చెప్పండి. గీతలు ఆ ఒక్క వైపే ఉంటే ఎక్కువగా వేడి వల్ల, చుట్టూ ఉంటే ఆయిల్ అందక. దాన్ని బట్టి ఒక్క పిస్టన్‌తో సరిపోతుందా, సిలిండర్ కూడా కావాలా అన్నది చెప్తాను.